కొర్రమీను తలకాయలో నెత్తురు దారి

ఎనిమిదేళ్లపాటు నన్ను ఏడిపించిన వస్తువు ఆవగింజ కన్నా కాస్త పెద్దది. కొర్రమీను మెదడు కింద, పుర్రె ఎముకలో ఒక చిన్న గుంటలో ఉంటుంది. దాన్ని పీయూష గ్రంథి అంటారు. మనుషులకూ ఉంటుంది. ఒంట్లో మిగతా గ్రంథులకు చాలావరకు పని పురమాయించేది అదే. ఆ గ్రంథికి నెత్తురు ఏ నాళంలో వస్తుంది, ఏ నాళంలో పోతుంది అన్నది నా పరిశోధన. ఒక్క వాక్యంలో అయిపోయే ప్రశ్న. 1963లో దాన్ని నెత్తికెత్తుకున్నాను. 1971లో దించుకున్నాను.

అప్పుడు నేను నిజామాబాద్‌లో ఒక కాలేజీలో జంతుశాస్త్రం డిమాన్‌స్ట్రేటర్‌ని. అంటే పిల్లలకు ప్రాక్టికల్స్‌లో కప్పను ఎట్లా పడుకోబెట్టాలో, గుండుసూది ఎక్కడ గుచ్చాలో చూపించే ఉద్యోగం. లెక్చరర్ కావాలంటే పెద్ద డిగ్రీ ఉండాలన్నారు. హైదరాబాద్‌లో నాకు ఎమ్మెస్సీలో పాఠం చెప్పిన ప్రొఫెసర్ దగ్గరికి వెళ్లి అడిగాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుంటూ, "ఎముకలున్న చేపల్లో వినాళ గ్రంథుల రక్తనాళాలు... ఇక్కడి చేపల మీద ఎవరూ సరిగ్గా చేయలేదమ్మా. మీ వైపు కొర్రమీను బాగా దొరుకుతుంది కదా, దాంతో మొదలుపెట్టండి," అన్నారు. జీవితంలో ఒక్కసారి కూడా అంగడికి పోయి చేపను బేరమాడని మనిషి మాత్రమే అంత తేలిగ్గా ఆ మాట అనగలడు.

ప్రశ్న ఏమిటో కూడా చెబుతాను, ఎందుకంటే ఎనిమిదేళ్లూ అందరికీ చెప్పుకుంటూనే ఉన్నాను. మనుషుల్లోనూ పశువుల్లోనూ నెత్తురు ముందు మెదడు అడుగుభాగంలో తిరిగి, అక్కడి ఆజ్ఞలు మోసుకుని, ఆ తర్వాత ఈ గ్రంథిలోకి దిగుతుంది. చేపల్లో అట్లా కాదు. మెదడు నుంచి నాడీ తంతువులే నేరుగా గ్రంథిలోకి దిగి వేళ్లలా పాకుతాయి. మరి గ్రంథి ముందు భాగానికి నెత్తురు ఆ నాడీ భాగం గుండానే వస్తుందా, లేక దానికంటూ వేరే ధమని ఉందా? విదేశీ చేపలవి కొన్ని బొమ్మలు పుస్తకాల్లో ఉన్నాయి. మన కొర్రమీనుది నాకు ఎక్కడా కనపడలేదు.

నాళాలు కంటికి కనపడవు కాబట్టి వాటిలోకి నల్ల సిరా ఎక్కించాలి. చేప బతికి ఉండాలి, లేదా అప్పుడే పోయి ఉండాలి. ఆలస్యమైతే నెత్తురు గడ్డకట్టి సిరాకు దారి ఇవ్వదు. మత్తిచ్చి, గుండె తెరిచి, గుండె ముందున్న ఉబ్బులోకి సన్నటి గాజు గొట్టం దూర్చి, గొట్టం చుట్టూ దారంతో కట్టి, ముందు ఉప్పునీళ్లు, తర్వాత సిరా పంపాలి. దవడ లోపలి పొర నల్లబడితే తలలోకి చేరినట్టు. కాగితం మీద రాసుకున్నప్పుడు అర పేజీ కూడా రాలేదు.

నిజామాబాద్ మార్కెట్లో చేపలమ్మేవాళ్లను బతికున్నవి అడిగితే నవ్వారు. బోధన్ అంగడికి పొమ్మన్నారు. అటు మంజీరవి, వర్ని, మోస్రా చెరువులవి, కాలువలవి వస్తాయి. ఒక ఆదివారం పొద్దున బస్సెక్కి పోయాను. అంగడిలో సగం మాటలు మరాఠీవి. ఒక మూలన తడి గోనెల మీద కొర్రమీనులు పెట్టుకుని నలభై ఏళ్లామె కూర్చుని ఉంది. పెద్ద ముక్కుపుల్ల, నోట్లో తమలపాకు. రెండు కావాలన్నాను. నేను సంచి తీసేలోపల ఆమె కత్తి వెనక్కి తిప్పి, చేప నడినెత్తిన ఠపీమని ఒకటి, రెండోదానికి ఇంకొకటి వేసింది.

"అయ్యో, తలకాయ కొట్టకక్కా! నాకు కావాల్సింది తలకాయే!" అన్నాను.

"తలకాయ పులుసుకా? మంచిగుంటది, కొట్టినా ఏం గాదు," అంది.

"పులుసుకు కాదు. లోపల ఒక చిన్న గింజ ఉంటది. కొడితే చితికిపోతది."

ఆమె నన్ను కిందినుంచి మీదికి చూసింది. "కొట్టకుంటే ఎగిరి మోరీల పడ్తది. పట్టుకునేటందుకు నువ్వొస్తవా?"

ఆ రెండూ వృథా. ఇంకో రెండు కొట్టకుండా ఇమ్మని బతిమాలి, మూతున్న రేకు డబ్బాలో వేయించుకున్నాను. బస్సు కండక్టరు నీళ్లు ఒలికితే దింపేస్తానని ముందే చెప్పాడు కాబట్టి, డబ్బా లోపల నీళ్లు కదలకుండా అంచుదాకా నింపి, మూత బిగించి, మూత మీద గుడ్డ కట్టాను. ఎంత నీళ్లుంటే చేపకు అంత సుఖమని కూడా అనుకున్నాను. అది చెరకు కోతల కాలం. ఎదురుగా ఫ్యాక్టరీకి పోయే చెరకు బండ్ల వరుస. రెండు పక్కలా రోడ్డంతా పరచుకున్న గడలు. బస్సు ఒక్కో బండిని దాటడానికి పక్కకు దిగి ఆగుతూ పోయింది. ఇల్లు చేరి మూత తీస్తే రెండు చేపలూ వెల్లకిలా తేలుతున్నాయి.

మరుసటి ఆదివారం మళ్లీ పోయి చేపలామెకు చెప్పాను. "కొట్టకుండా తీసుకపోయినా సచ్చినయక్కా."

"ఎట్ల తీస్కపోయినవ్?"

చెప్పాను. ఆమె కూతురి వయసున్న నన్ను ఎంత జాలిగా చూసిందో ఇప్పటికీ గుర్తుంది. "నీళ్లల్ల ముంచి సంపినవ్ గదనే! కొర్రమీను మీదికొచ్చి గాలి వీల్సకుంటే బతకది. మూత వెట్టి నిండ నీళ్లు వోస్తె ఊపిరెట్ల? నువ్వు పిల్లలకు ఏం సదువు చెప్తవ్?"

"చేపల గురించే," అన్నాను.

ఆమె నవ్వలేదు. నవ్వితే బాగుండేది. ఎందుకంటే ఆ వారమే, బుధవారం నాడు, బ్లాక్‌బోర్డు మీద కొర్రమీను తలలో గాలి పీల్చే గది బొమ్మ గీసి, "అదనపు శ్వాసావయవాలు" అని కింద గీత కొట్టి మరీ పాఠం చెప్పింది నేనే. చేపను నీళ్లల్లో ముంచి చంపిన జంతుశాస్త్రం టీచరు ఈ జిల్లాలో నేనొక్కదాన్నే అయి ఉంటాను. ఆమె గోనె ముక్క తడిపి, నాచు పరిచి, చేపలను అందులో చుట్టి ఒడిలో పెట్టుకుని పొమ్మంది. అట్లాగే పెట్టుకున్నాను. జానకంపేట దగ్గర ఒకటి గోనెలోంచి తల బయటపెట్టేసరికి పక్క సీటామె కేకేసి లేచి నిలబడింది. తర్వాత ఆమె దిగేదాకా నిలబడే ఉంది. చేపలు మాత్రం బతికే ఇల్లు చేరాయి.

ఇల్లంటే రెండు గదులు, ముందు ఒక వరండా. ఆదివారం కాలేజీ ల్యాబు తెరవరు, సెలవు రోజున తాళం ఇచ్చే వీల్లేదన్నారు. చేపలు దొరికేది ఆదివారమే. అందుకని వరండాలోనే బల్ల వేశాను. ఆ వరండా అప్పటిదాకా మా అవ్వది. మా వైపు అమ్మను అవ్వ, నాన్నను బాపు అనే అంటాం. నా చిన్నప్పుడే బాపు పోయాడు. అవ్వ జక్రాన్‌పల్లి నుంచి నన్ను తీసుకుని నిజామాబాద్ వచ్చి, బీడీలు చుట్టి, నన్ను ఎమ్మెస్సీ దాకా చదివించింది. నాకు ఉద్యోగం వచ్చినా చుట్టడం మానలేదు. మానమంటే, "చేతులు ఊకుంటయా?" అనేది. ఒడిలో చాట, చాటలో తునికాకు, తంబాకు, పక్కన దారం ఉండ. ఆమెకు ఎదురుగా నా బల్ల, దాని మీద కొర్రమీను.

"గింత మంచి సేప," అనేది అవ్వ ప్రతి ఆదివారం. "కోసి నల్ల సిరా వోస్తవా! వండుకుంటె రెండు దినాలొస్తది."

"వండుకోవడానికి కాదవ్వా."

"మల్ల ఎందుకే?"

పీయూష గ్రంథి గురించి చెప్పేదాన్ని. ఆమె వినేది, తల ఊపేది, చివర్లో, "ఇంతకు కూర జెయ్యరాదా?" అనేది. మందు ఎక్కిన చేప తినకూడదని చెబితే, కుక్కలు కూడా తినకుండా దాన్ని పెరట్లో పాతిపెట్టాల్సి వస్తే, ఆమె ముఖం చూడలేకపోయేదాన్ని. ఆకలి తెలిసిన మనిషి ఆమె.

మొదటి ఏడాదంతా ఒక్క చేపలోనూ సిరా తల దాకా చేరలేదు. గొట్టం మొన విరిగేది. గొట్టం లోపలికి పోతే నాళం చిరిగేది. అన్నీ కుదిరిన రోజున దారం ముడి జారేది. గుండె ముందున్న ఆ ఉబ్బు వెన్నలా జారుతుంది. దాని కింద నుంచి దారం తీసి, రెండు చేతులతో ముడి వేసేలోపల గొట్టం పక్కకు పడుతుంది. సిరా నాళంలోకి పోకుండా చేప కడుపంతా, బల్లంతా, నా చీరంతా పోయేది. చూసేవాళ్లకు నేను చేపకు ఆపరేషన్ చేస్తున్నట్టు కాదు, ఉత్తరం రాయబోయి సిరాబుడ్డి ఒలకబోసుకున్నట్టు ఉండేది. ప్రొఫెసర్‌కు ఉత్తరం రాశాను. "ముడి గట్టిగా వేయండి," అని జవాబు వచ్చింది. ఆ కార్డును మూడు ముక్కలు చేసి పొయ్యిలో వేశాను.

ఇంతలో ఇంకో గొడవ. నేను చేప తలకాయలు ఫార్మలిన్‌లో నిలవ ఉంచేదాన్ని. ఘాటైన మందు, కళ్లు మండుతాయి. ఒకరోజు అవ్వ బీడీలు ఇచ్చి రావడానికి కార్ఖానాకు పోయి, మొహం ఎర్రగా చేసుకుని తిరిగొచ్చింది. గంపలో సగం కట్టలు అట్లాగే ఉన్నాయి.

"ఏమైందవ్వా?"

"కట్టలు సూసి తీస్కునే మునీమ్ ముక్కు దగ్గర వెట్టుకుని, గిదేం వాసననే, దవాఖాన వాసనొస్తుంది, ఈ బీడీలు ఎవల్దాగుతరు అన్నడు. పది మంది ముంగట. ఇన్నేండ్లల్ల నా బీడీ ఒక్కటి ఎన్కకు రాలే. నీ సేపల మందు నా ఆకుకు వట్టింది."

"వరండా నువ్వే ఉంచుకో, నేను పెరట్లోకి పోతా," అన్నాను.

"పెరట్ల ఎండల కూసుంటవా?" అని అరిచింది. అరిచి, తన చాట తీసుకుని తనే లోపలి గదిలోకి పోయింది. చీకటి గది. మూడు వారాలు అక్కడే చుట్టింది. నాతో మాట్లాడితే అన్నం గురించి మాత్రమే. నేను బల్ల పెరట్లోకి జరిపి, దడికి గోనెలు కట్టి నీడ చేసుకున్నాను. ఇద్దరం ఒకరి మీద ఒకరం కోపంతో చెరో మూలకు పోయి, వరండా ఖాళీగా ఉండేది. దాన్ని చూసి పక్కింటివాళ్లు మేం ఊళ్లో లేమనుకున్నారు.

నాలుగో ఆదివారం పెరట్లో నా ముడి మళ్లీ జారింది. సిరా మళ్లీ బల్ల మీద. నేను కత్తెర విసిరికొట్టాను. నీళ్ల కోసం వచ్చిన అవ్వ గుమ్మంలో నిలబడి చూసింది.

"గదేం ముడే! గట్ల కడితే బీడీ సుత ఆగది."

"నువ్వే కట్టు మరి," అన్నాను కోపంగా.

అవ్వ చెంబు కింద పెట్టింది. చేతులు కడుక్కుంది. ఇంకో చేప ఉంది, దాన్ని తెరిచి గొట్టం దూర్చి పట్టుకున్నాను. ఆమె ఆసుపత్రి దారాన్ని వేళ్ల మధ్య నలిపి చూసి, "గిది మందమున్నది, అందుకె జారుతుంది," అని పక్కన పడేసింది. లోపలికి పోయి తన బీడీ దారం తెచ్చింది. మొహం అటు తిప్పుకుని ముక్కు కొంగుతో మూసుకుని, ఒక చేత్తోనే దారం ఉబ్బు కింద నుంచి తీసి, వేలి చుట్టూ తిప్పి, లాగి, గోటితో తెంపింది. నేను రెప్ప వేసేలోపల అయిపోయింది. ఎట్లా చేసిందో ఇంకోసారి చూపించమంటే, "ఏం సూపాలె, కట్టిన గదా," అంది.

ఉప్పునీళ్లు పంపాను. నెత్తురు పలచబడి, తేటగా కారింది. సిరా పంపాను. చేప నోరు తెరిచి పట్టుకున్నాను. దవడ లోపల తెల్లటి పొర మీద నల్లటి గీతలు ఒక్కొక్కటే పాకాయి. అవ్వ నా భుజం మీదుగా తొంగి చూసి, "అయ్యిందా? ఇగ పోత, అన్నం మాడుతుంది," అని లోపలికి పోయింది.

ఆ రోజు నుంచి ఆదివారాలు ముడి అవ్వే వేసేది. నేను నేర్చుకోలేదా అంటే, ప్రయత్నించాను. పదింట్లో ఆరు జారేవి. ఆమెవి ఒక్కటీ జారలేదు. అట్లాగని ఆమె ఇష్టపడి చేసిందని కాదు. ప్రతిసారీ తిట్టేది. "గింత సదువు సదివి ముడెయ్యరాదు," అనేది. నిజమే కాబట్టి నాకు మరింత మండేది. ఫార్మలిన్ సీసాలు మాత్రం కాలేజీలో ఒక బీరువాలోకి చేర్చాను. ఆమె మళ్లీ వరండాలోకి వచ్చింది. బీడీలు వెనక్కి రావడం ఆగింది.

నాళాలు నిండిన తలకాయలను గట్టిపరిచి, నోటి పైకప్పు ఎముక తొలగించి, కింది నుంచి గ్రంథిని చూసేదాన్ని. భూతద్దంలో చూస్తూ బొమ్మలు గీసేదాన్ని. ఎక్కువ చేపల్లో పుస్తకంలో రాసినట్టే ఉంది. మెదడు కింద ధమని కొమ్మ నాడీ భాగంలోకి దిగి, అక్కడ జల్లెడలా విడిపోయి, ఆ జల్లెడ నుంచే ముందు భాగానికి నెత్తురు పోతుంది. కాని కొన్నింట్లో పక్క నుంచి ఇంకో సన్నటి నల్ల గీత, వెంట్రుక కన్నా సన్నది, నేరుగా గ్రంథి ముందు భాగంలోకి పోతున్నట్టు కనిపించింది. అది చూసిన రోజు నాకు అన్నం సహించలేదు. నా సొంత కళ్లతో చూసిన మొదటి కొత్త సంగతి అది.

బొమ్మలు పట్టుకుని రైల్లో హైదరాబాద్ పోయాను. ప్రొఫెసర్ బొమ్మను కిటికీ వెలుతురులో పెట్టి చాలాసేపు చూశారు.

"ఇది నాళం కాదమ్మా. సిరా కారింది."

"కారితే మరకలా ఉంటుంది సార్. ఇది గీతలా ఉంది."

"ఎముకకూ పొరకూ మధ్య సందులో కారితే గీతలాగే ఉంటుంది. సిరా ఒత్తిడి ఎక్కువైతే గోడ చిట్లుతుంది. మీరు ఎంత ఒత్తిడితో పంపారు?"

"చేత్తో పంపాను సార్."

"చేత్తో!" అన్నారు, నేను కాలితో అన్నట్టు. "సన్నటి పొరలుగా కోసి చూడండి. గోడ లోపల సిరా ఉంటే నాళం, గోడ బయట ఉంటే కారినట్టు. అప్పుడు మాట్లాడుకుందాం."

రైల్లో కామారెడ్డి దాకా ఆయన్ను మనసులో తిడుతూనే వచ్చాను. కామారెడ్డి దాటాక ఆయన చెప్పింది సరైనదేనని ఒప్పుకోవాల్సి వచ్చింది. అది ఇంకా చిరాకు.

పొరలు కోసే యంత్రం హైదరాబాద్‌లో ఉంది. గ్రంథి ముక్కల్ని నిజామాబాద్‌లో మైనంలో పొదిగి, గట్టిపడ్డాక దిమ్మెలుగా తీసుకుపోవాలి. సెలవులు దొరికేది మే నెలలో. మే నెలలో మా ఊళ్లో మైనం గట్టిపడదు. గట్టిపడినవి కూడా మధ్యాహ్నానికి మెత్తబడి ఒకదానికొకటి అతుక్కుంటాయి. దిమ్మెల డబ్బాను తాగునీళ్ల మట్టి కుండ, రంజన్ కింద తడి ఇసుకలో పాతాను. అవ్వ చూసి, "తాగే నీళ్ల కింద సేప తలకాయలా?" అని రంజన్ తీసి పెరట్లో పెట్టింది. ఇసుక నాకు వదిలింది. ఎండాకాలమంతా నీళ్లు తాగాలంటే పెరట్లోకి నడవాల్సి వచ్చేది. నడిచినప్పుడల్లా ఇద్దరం ఏదో ఒకటి గొణుక్కునేవాళ్లం.

అట్లా ఒక్కో మేలో కొన్ని, దసరా సెలవుల్లో కొన్ని కోయిస్తూ వచ్చాను. సగం పని అయ్యాక, 1969లో, తెలంగాణ ఉద్యమం వచ్చింది. కాలేజీలు మూతపడ్డాయి. మా విద్యార్థులు రోడ్ల మీద ఉన్నారు. వాళ్ల కోపం నాకు అర్థమైంది, నాకు తెలిసిన పిల్లలే. కాని హైదరాబాద్ పోవడానికి ఒక రోజు రైలు ఉంటే ఇంకో రోజు లేదు, పోయినా ల్యాబుకు తాళం. నా ఫార్మలిన్ సీసాలు కాలేజీ బీరువాలో, బీరువా తాళం వేసిన గదిలో. నెలల తర్వాత తెరిచేసరికి కొన్ని సీసాల్లో మందు ఎండిపోయి తలకాయలు వరుగులయ్యాయి. ఆ రోజు బీరువా ముందు నేల మీద కూర్చున్నాను. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో కూడా తెలియలేదు. మనిషి కనపడని కోపం కన్నా ప్రొఫెసర్ మీద కోపమే నయం అనిపించింది.

ఇంటికొచ్చి అవ్వతో, "ఇగ వదిలేస్తా, నాతోని కాదు," అన్నాను.

ఆమె బీడీ చుట్టడం ఆపలేదు. "ఎన్ని వోయినయ్?"

"సగం."

"సగమున్నయ్ గదా మల్ల. ఆదివారం అంగడికి పో. ఇంకిన్ని తే. కడ్త," అంది. కొంచెం ఆగి, "మూతి గట్ల వెట్టకు," అని కూడా అంది.

అంగడికి పోయాను. చేపలామె నన్ను చూసి, "ఇంకా అయిపోలేదా ఆ గింజ?" అని అడిగింది. కాలేదని చెప్పాను. ఆమె తల ఊపి, ఉన్నవాటిలో పెద్ద చేపను, కొట్టకుండా, తడి గోనెలో చుట్టి ఇచ్చింది.

1970 చివర్లో ఆఖరి పొరలన్నీ గాజు పలకల మీదికి చేరాయి. ప్రొఫెసర్ పక్కనే కూర్చోగా ఒక్కొక్కటే మైక్రోస్కోపు కింద పెట్టి చూశాను. మొదటిదానిలో సిరా గోడ బయట ఉంది. రెండోదీ అంతే. ఆయన కాగితం మీద రెండు గీతలు గీసుకున్నారు. ఆ గీతలు నాకు నచ్చలేదు. మూడోదానిలో ఒక చిన్న గుండ్రటి గోడ, దాని లోపల నల్లగా, శుభ్రంగా, సిరా. నేను లేచి కుర్చీ ఆయనకిచ్చాను. ఆయన వంగి, మర తిప్పి, మళ్లీ తిప్పి, పక్క పొర చూశారు, దాని తర్వాతిదీ చూశారు. గోడ విడవకుండా గ్రంథి దాకా పోయింది.

"నాళమే," అన్నారు.

సాయంత్రానికి లెక్క తేలింది. నేను కొత్త ధమని అనుకున్న చేపల్లో కొన్నింట్లో అది నిజంగా ధమనే. కొన్నింట్లో ఆయన అన్నట్టు కారిన సిరా. ఇన్నేళ్లుగా ఇద్దరం పోట్లాడుకుంటే ఇద్దరం సగం సగం గెలిచాం. నిండుగా గెలవకపోతే గెలిచినట్టే ఉండదు. ఆయన కూడా అట్లాగే అనుకున్నట్టున్నారు. "రెండూ రాయండి," అన్నారు. "కారినవి దాచొద్దు. అవి కూడా రాస్తేనే ఇవి నమ్ముతారు." ఆ మాటకు ఆయన్ను చాలావరకు క్షమించాను.

రాసి, టైపు చేయించే ముందు ఆయనకు చూపించాను. కృతజ్ఞతల పేజీ దగ్గర ఆగి ఎర్ర సిరాతో ఒక వాక్యం కొట్టేశారు. "నాళానికి ముడులు వేసిన మా అమ్మకు," అని రాశాను నేను.

"తల్లిదండ్రుల ఆశీస్సులు అవీ ఇక్కడ వద్దమ్మా. శాస్త్ర గ్రంథం కదా."

"ఆశీస్సులు కాదు సార్. ముడులు."

"అంటే?"

"ముడులు ఆమే వేసింది. నావి జారేవి. మీరు గోడ లోపల సిరా చూసిన చేపలన్నీ ఆమె కట్టినవే."

ఆయన కలం మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టారు. "ఏ పద్ధతి అది? పద్ధతుల అధ్యాయంలో లేదే."

"బీడీ కట్టే పద్ధతి సార్. రాయడం నాకు రాలేదు. ఆమె చూపించలేదు."

"అట్లా అయితే పరీక్షకులు అడుగుతారు," అని పేజీ తిప్పేశారు. వాక్యం మీద ఎర్ర గీత అట్లాగే ఉంది. నేను ఇంటికి రాలేదు. సరాసరి టైపిస్టు దగ్గరికి పోయి, గీత కొట్టిన వాక్యంతో సహా టైపు చేయమన్నాను. పద్ధతుల అధ్యాయంలో ఇంకో వాక్యం కూడా కలిపాను. సన్నటి నూలు దారం వాడామని, ముడి ఒక అనుభవజ్ఞురాలైన బీడీ కార్మికురాలు వేసిందని. సంతకానికి తీసుకుపోయినప్పుడు ఆయన ఆ పేజీ దగ్గర ఆగారు. నన్ను చూశారు. నేను కిటికీ బయటికి చూశాను. సంతకం పెట్టారు.

పరీక్షకులు ఎవరూ అడగలేదు. డిగ్రీ వచ్చింది. గట్టి అట్ట వేసిన పుస్తకం ఇంటికి తెచ్చి అవ్వకు ఆ పేజీ చూపించాను. ఆమెకు చదవడం రాదు. ఆ వాక్యం వేలితో చూపిస్తూ తెలుగులో చెప్పాను.

ఆమె చేయి ఆగింది. చాటలో బీడీ సగం చుట్టి ఉంది.

"గిండ్ల నన్నెందుకు రాసినవే?" అంది. "ఎవలన్న సదివితే ఏమనుకుంటరు? ముసల్ది సేపల పేగులు కట్టుకుంట కూసున్నదనుకోరా?"

"పేగులు కాదవ్వా, నాళం."

"ఏదైతేంది! కొట్టెయ్యమను."

"కొట్టెయ్యడానికి లేదు. అచ్చయింది. హైదరాబాద్‌లో లైబ్రరీలో పెట్టిండ్రు."

"లైబ్రరీలనా?" అని నోటి మీద చేయి పెట్టుకుంది. ఆ తర్వాత నాలుగు రోజులు నన్ను సాధించింది. ఐదో రోజు పక్కింటామె వచ్చినప్పుడు నేను లోపల ఉన్నాను. వరండాలోంచి అవ్వ గొంతు వినిపించింది. "సేపకు తలకాయల ఒక గింజ ఉంటదే," అని మొదలుపెట్టింది. "దానికి నెత్తురు ఎటు కెల్లి వస్తదని సర్కార్ల ఎవలకు తెల్వది..." ఆ సంగతిలో సర్కారు ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలియదు. సరిదిద్దుదామని గుమ్మం దాకా పోయి, ఆగి, వెనక్కి వచ్చాను. ఆ నెలలోనే నాకు లెక్చరర్ ఉద్యోగం ఖాయమైంది. దాంతోపాటు పరీక్షల డ్యూటీలన్నీ నా నెత్తిన వేశారు.